బావి మెట్టు మీద కదలని చెయ్యి

ఏటా ఒక ఆదివారం కోదాడలో ఒక ఇంట్లో నా మెడలో దండ వేస్తారు. బంతిపూల దండ, మధ్యలో రెండు గులాబీలు. నేను తల వంచి వేయించుకుంటాను. చేతులు జోడిస్తాను. నవ్వుతాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది. గుప్పెడు పూల బరువు ఎంతని? ఇన్నేళ్లుగా దాన్నే మోయలేక చస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నాకు కావలసింది అదే. తెలిసినవాళ్లకి చెప్పాలంటే వాళ్ల మొహం మారుతుంటే చూస్తూ కూర్చోవాలి. చదువుతూ చదువుతూ మీకు రోత పుడితే ఆపేయండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఆపే వీలు లేదు.

ఆ ఇల్లు దానియేలుది. కోదాడలో ఫొటో స్టూడియో నడుపుతాడు. నేను సూర్యాపేటలో ఉంటాను. మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌ని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డాక్టర్ల చుట్టూ బ్యాగు పట్టుకుని తిరగడం, ఉన్నదాన్ని లేనిదాన్ని తియ్యగా చెప్పడం నా పని. డిగ్రీలో మాదొకటే బెంచీ. అప్పటినుంచీ వాడు నాకు అరేయ్, నేను వాడికి అరేయ్.

వాళ్ల చర్చి సంఘంలో ఎవరైనా చావు దాకా వెళ్లి బయటపడితే, ఏటా ఆ రోజుల్లో ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. పాటలు పాడతారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. బతికినవాడు లేచి సాక్ష్యం చెబుతాడు. తర్వాత అందరికీ బిర్యానీ. దానియేలు ఏటా లేచి అదే మాట చెబుతాడు. "నేను బాయిల మునిగి పోతుంటే దేవుడు ఈ మనిషి చెయ్యిని వాడుకున్నడు." అందరూ నా చెయ్యి వైపు చూస్తారు. ముసలమ్మలు దగ్గరికొచ్చి ఆ చెయ్యిని కళ్లకద్దుకుంటారు. వాడి భార్య సుజాత, "మీరు లేకపోతే మాకేముందన్నయ్యా" అంటూ నా ప్లేటులోకి మంచి ముక్కలు ఏరి వేస్తుంది. నేను తింటాను. తిరుగు దారిలో మునగాల దాటాక బండి ఆపి, రోడ్డు పక్క తుప్పల్లో మొత్తం కక్కేస్తాను. ఒక్క ఏడు కూడా ఆ తిండి నా లోపల నిలవలేదు.

ఇప్పుడు ఆ చెయ్యి గురించే చెప్పాలి.

మొదలైంది సముద్రంతో. సముద్రం చూడాలంటే సూర్యాపేట వాడు ఒక పూటంతా బస్సులో కూర్చోవాలి. అలాంటి మాకు సముద్రం అడుక్కి పోవాలన్న పిచ్చి పట్టింది. పట్టించింది దానియేలే. పెళ్లిళ్లు తీసి తీసి విసిగిపోయినవాడు. ఒక మధ్యాహ్నం స్టూడియోలో ఫోన్ నా ముందు పెట్టాడు. నీళ్ల అడుగున ఒక తాబేలు, దాని పక్కన కెమెరా పట్టుకుని ఒక మనిషి. "సూడురా, గా తాబేలుకు నవ్వమని చెప్పే పని లేదు. దాని మేనత్త అలిగేది లేదు," అన్నాడు. ఎంత నవ్వుకున్నామో.

అలా ఒక పడవ దొరికింది. థాయ్‌లాండ్ వైపు. కొన్ని రోజులు ఆ పడవలోనే తినాలి, అందులోనే పడుకోవాలి, పొద్దున లేచి నీళ్లలోకి దూకాలి, పైకొచ్చి తిని, మళ్లీ దూకాలి. లివ్‌అబోర్డ్ అంటారు. మాది అందులో అన్నిటికన్నా చవక రకం. కింది అరలో ఇంజను పక్కన బంకు పడకలు, ఫ్యాను కూడా అనుమానమే. డైవింగ్ రానివాళ్లకి పడవ మీదే నేర్పుతారు. ఒక్కటే షరతు. ఎక్కే నాటికి ఈత వచ్చి ఉండాలి. ఆగకుండా కొంత దూరం ఈదాలి, ఏ ఆధారమూ లేకుండా కాసేపు తేలాలి.

ఆ ఏర్పాట్ల రోజులే మా స్నేహంలో మంచి రోజులు. చెప్పడానికి సిగ్గేస్తోంది, కానీ నిజం. గట్టి సూట్‌కేసు వద్దు, పడవలో పెట్టే చోటుండదు, మడిచే సంచి తేవాలి అన్నారని, సుజాత పాత పరుపు గలేబుతో రెండు సంచులు కుట్టించింది. కొత్త మాస్కు అద్దం మసకబారకుండా ముందు టూత్‌పేస్టుతో రుద్దాలని వీడియోలో చెబితే, ఇద్దరం స్టూడియో మెట్ల మీద కూర్చుని పళ్లు తోమినట్టు తోమాం. కాళ్లకి తొడిగే రెక్కలు, వాటినే ఫిన్స్ అంటారు, తొడుక్కుని వాడు కోదాడ మెయిన్ రోడ్డు మీద పాన్ డబ్బా దాకా నడిచాడు. పడవ ఊపుకి కడుపులో తిప్పుతుందంటే నా శాంపిళ్ల పెట్టెలోంచి వాంతుల మాత్రలు ఏరి పెట్టుకున్నాం. మామిడికాయ తొక్కు సీసా వాడి వంతు. వాడి కూతురు మెర్సీ అప్పుడు చంకలో పిల్ల. వాడు మాస్కు పెట్టుకుని వంగితే గుక్కపట్టి ఏడ్చేది.

ఈత మాటెత్తినప్పుడు నేను "వస్తది" అన్నాను. మొదటి అబద్ధం అది, చిన్నదే. చిన్నప్పుడు కాలువలో నడుం లోతు నీళ్లలో చేతులు కొట్టుకున్నాను, అంతే. దానియేలు సంగతి వేరు. మిర్యాలగూడ పక్క పొలాల్లో వాళ్ల చిన్నాయనకి వ్యవసాయ బావి ఉంది. వాడు పెరిగింది ఆ బావిలోనే. మోటారు గది కప్పు మీంచి దూకేవాడు. చుట్టుపక్కల ఎవరి బావిలో బిందె పడ్డా వాడినే పిలిచేవాళ్లు. అడుక్కి పోయి బురదలో చేత్తో వెతికి తెచ్చేవాడు. నీళ్లంటే వాడికి ఇంట్లో ఇంకో గది, అంతే.

పడవ రోజు దగ్గర పడుతుంటే ఆ బావికే పోయాం, సాధనకని. సాగర్ ఎడమ కాలువకి నీళ్లు వదిలిన రోజులు, బావిలో నీళ్లు పై మెట్ల దాకా ఉన్నాయి. మా దగ్గర ఈత నేర్చుకునే పిల్లల నడుముకి ఖాళీ నూనె డబ్బా కడతారు, మునక్కుండా. దానియేలు నా కోసం ఒక డబ్బా తెచ్చి ఉంచాడు. వాడికి తెలుసన్నమాట, నాకు ఈత రాదని! తెలిసి కూడా ఒక్క మాట అనలేదు.

"కట్టుకో. సిగ్గేంది, గీడ సూడనీకి ఎవరున్నరు?"

నాకు ఒళ్లు మండింది. పిల్లలకి కట్టే డబ్బా నాకా? సముద్రంలోకి పోయేవాడికా? వీడియోల్లో వాళ్లు నడుముకి సీసం బరువులు కట్టుకుంటారు, తేలడానికి కాదు, మునగడానికి. నాకు అదే తలకెక్కింది. వాళ్లకి వీపున గాలి సిలిండరు ఉంటుందన్న ఇంగితం ఆ క్షణాన లేదు. మోటారు గది దగ్గర ఉన్న ఎరువుల సంచిలో ఇసుక నింపి, తాడుతో నడుముకి కట్టుకున్నాను. దానియేలు వద్దన్నాడు. మళ్లీ వద్దన్నాడు. నేను మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని దిగిపోయాను.

మెట్లు అయిపోయాక కాలికి ఏమీ తగల్లేదు. మాస్కులోకి నీళ్లొచ్చాయి. ముక్కులోకి పోయాయి. తాడు తడిసి ముడి బిగుసుకుపోయింది. ఆ క్షణంలో నేను మనిషిని కాను. ఏమిటో కూడా నాకు తెలియదు. పక్కన దానియేలు వచ్చాడు. వాడి వేళ్లు నా నడుము దగ్గర ముడి విప్పుతున్నట్టు తెలిసింది. సంచి జారిపోయింది. ఒళ్లు తేలికైంది. నన్ను కాపాడింది వాడు. ఇది మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఈ మాట బయటికి అనలేదు. నన్ను కాపాడింది వాడు.

నేనేం చేశాను? వాడి భుజం మీద కాలు పెట్టాను. తర్వాత తల మీద. వాణ్ని మెట్టు చేసుకుని పైకి తన్నుకున్నాను. నా కాలి కింద వాడి తల మెట్టు రాయికి కొట్టుకున్న సంగతి నా అరికాలికి తెలిసింది. ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. చెప్పులు వేసుకుంటుంటే తెలుస్తుంది.

పై మెట్టు మీద పడి దగ్గుతూ కూర్చున్నాను. కాసేపటికి దానియేలు పైకి తేలాడు. బోర్లా. వాడి చొక్కా నీళ్ల మీద బుడగలా ఉబ్బి ఉంది. నేను చెయ్యి చాపితే అందేంత దగ్గర. చాపితే చాలు. దిగనక్కర్లేదు, ఈదనక్కర్లేదు. నా చెయ్యి మెట్టు అంచుని పట్టుకుని ఉంది. కదల్లేదు. చూస్తూ కూర్చున్నాను. ఏమనుకుంటూ? వాడు నన్ను మళ్లీ నీళ్లలోకి లాగుతాడనా? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో, నిజాయితీగా చెప్పాలంటే ఏమీ అనుకోలేదు. నాకు గాలి దొరికింది, నేను బతికాను, అంతే. నా ఎదురుగా నా స్నేహితుడు చచ్చిపోతుంటే నేను హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాను. థూ!

అప్పుడు గట్టు మీద బండి చప్పుడు వినబడింది. వాళ్ల చిన్నాయన, మోటారు వెయ్యడానికి వస్తున్నాడు. ఆ చప్పుడు వినబడగానే నా చెయ్యి కదిలింది. వాడి చొక్కా పట్టుకుని మెట్టు మీదికి గుంజాను, అరిచాను. మనిషి కోసం కదలని చెయ్యి, ఎవరో చూస్తారంటే కదిలింది. వాళ్లు దేవుడు వాడుకున్నాడని చెప్పే చెయ్యి ఇదే.

చిన్నాయన పరుగున దిగొచ్చి వాణ్ని బోర్లా వేసి నీళ్లు కక్కించాడు. ఊపిరి అందింది. అప్పుడు నావైపు తిరిగి, ఏడుస్తూ నా తల నిమిరాడు. "నువ్వే తీసినవా బిడ్డా. నువ్వే తీసినవా." నేను తల ఊపాను. అబద్ధం ఆడానా? తీసింది నేనే కదా! ఈ తెలివి చూడండి. చలికి వణుకుతూ కూడా నా బుర్ర ఎంత చక్కగా పనిచేసిందో.

మిర్యాలగూడ దవాఖానలో రెండో రోజు వాడు సరిగ్గా కళ్లు తెరిచాడు. తలకి కట్టు. సుజాత బయట డాక్టరుతో మాట్లాడుతోంది. గదిలో మేమిద్దరమే. అసలు ఒప్పుకోలు ఇక్కడుంది. బావిలో జరిగింది భయం అని మీరు క్షమించవచ్చు. ఇక్కడ భయం లేదు. కుర్చీ ఉంది, ఫ్యాను తిరుగుతోంది, ఆలోచించుకునే వ్యవధి ఉంది.

"ఏమైందిరా నాకు? నువ్ దిగినవ్, గంతే యాదికున్నది."

ఏమీ గుర్తులేదు వాడికి. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నేను వాడి చెయ్యి పట్టుకుని, డాక్టర్ల దగ్గర వాడే గొంతుతో అన్నాను.

"నీళ్లల్ల భయపడ్డవ్‌రా. నన్ను పట్టుకొని లోపటికి గుంజినవ్. ఎట్లనో ఇడిపించుకొని నిన్ను తీస్కొచ్చిన."

వాడు పైకప్పు వైపు చూశాడు.

"నేనా? నీళ్లల్ల నేను భయపడ్డనా?"

"అయితదిరా. ఎవ్వరికైనా అయితది."

"నేను నిన్ను సంపుతుంటినా?"

"ఇడిసెయ్‌రా ఇగ."

వాడు ఏడ్చాడు. నన్ను క్షమించమని అడిగాడు. వాడు, నన్ను! నేను క్షమించాను కూడా. పెద్దమనసుతో వాడి భుజం తట్టాను. నేను కాలు పెట్టిన భుజమే.

డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. నేను మానేస్తానన్నాను, పైకి. దానియేలు ఒప్పుకోలేదు. "నువ్వన్న సూసిరా. నా మాస్కు తీస్కపో, మంచిదది," అన్నాడు. పోయాను. సిగ్గులేకుండా సుజాత కుట్టించిన సంచి భుజాన వేసుకుని పోయాను.

ఆ పడవ గురించి చెప్పడానికి ఏముంది? ఈత పరీక్షలోనే తేలిపోయింది. నేర్పే అతను మర్యాదస్తుడు, పైన కూర్చోమన్నాడు. మిగతావాళ్లు నీళ్లలోకి దూకుతుంటే, నేను డీజిలు వాసనలో, ఎండలో, దానియేలు మాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రాత్రి భోజనాల దగ్గర వాళ్లు చేపల గురించి చెప్పుకుంటుంటే నేను నా స్నేహితుణ్ని బావిలోంచి ఎలా కాపాడానో చెప్పాను. అడగకుండానే చెప్పాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకావిడ తీసిన తాబేలు ఫొటో అడిగి తీసుకుని, నేనే తీశానని దానియేలుకి ఇచ్చాను. వాడు దాన్ని పెద్దది చేసి, ఫ్రేము కట్టించి స్టూడియోలో గోడకి పెట్టాడు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. "మావోడు తీసిండు."

వాడు మళ్లీ నీళ్లలో దిగలేదు. ఎవరి బిందె పడ్డా పోలేదు. చిన్నాయన బావి వైపు చూడను కూడా చూడడు. కాలువ పక్కన బండి నడపాల్సొస్తే చుట్టూ తిరిగిపోతాడు. నేనిదంతా చూస్తూనే ఉన్నాను. చూసి ఏమనుకున్నానో చెప్పనా? పోనీలే, దిగకపోతేనే మంచిది, దిగితే ఏదైనా గుర్తొస్తుందేమో అనుకున్నాను. ఇంతకన్నా నీచం ఉంటుందా? ఉంటే నాకు చెప్పండి.

ఈ ఏడు మెర్సీ వాళ్ల బడి వాళ్లు పిల్లల్ని నాగార్జున సాగర్ తీసుకుపోతున్నారు. లాంచీ ఎక్కిస్తారు. దానియేలు పంపనన్నాడు. ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది.

"మామయ్యా, నువ్ జెప్తే నాన్న వింటడు. అందరు పోతున్నరు. మా నాన్నకు నీళ్లంటే భయమంట, అది నాకు గూడ వస్తదంట. నిజమేనా మామయ్యా?"

నాన్నతో మాట్లాడతాలే అన్నాను. నా చేతకానితనాన్ని వాడికి అంటగట్టాను, అది చాలక ఇప్పుడది వాడి బిడ్డకి సంక్రమిస్తోంది. ఆ పిల్లలో లేని భయాన్ని ఆ పిల్ల తనదనుకుని పెరుగుతుంది. ఫోన్ పెట్టేశాక కడుపులోంచి తన్నుకొచ్చింది. ఆ రోజు ఏమీ తినకుండానే.

మర్నాడు కోదాడ పోయాను. మధ్యాహ్నం, స్టూడియో ఖాళీగా ఉంది. దానియేలు కత్తెరతో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్నాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఇసుక సంచి, ముడి, భుజం, రాయి, మెట్టు, బండి చప్పుడు. దవాఖానలో ఏమన్నానో అది కూడా. తాబేలు కూడా. మధ్యలో వాడి కత్తెర ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

కొడితే బాగుండు అనుకున్నాను. కొడితే ఎంతో కొంత తీరినట్టుంటుందని. అక్కడ కూడా నా సుఖమే చూసుకున్నాను, గమనించారా?

చెప్పడం అయ్యాక వాడు తలెత్తాడు. నా గురించి ఒక్క మాట అడగలేదు.

"అయితే నేను భయపడలేదా?"

"లేదురా."

"నిజం చెప్పు. జరంత గూడ?"

"లేదు. నువ్ ముడి ఇప్పుతున్నవ్. నిమ్మలంగ ఇప్పుతున్నవ్."

వాడి మొహంలో ఏదో కదిలింది. సంతోషం అనను. పోయిన వస్తువు ఇంట్లోనే ఉందని తెలిసినవాడి మొహం అది, దాచినవాడు ఎదురుగా నిలబడి ఉండగా. ఫోన్ తీసి సుజాతకి చేశాడు. "మెర్సీని సాగర్ పంపుదాం. ఆఁ, లాంచీ గూడ ఎక్కనీ. నేను గూడ పోత." పెట్టేశాడు. మళ్లీ కత్తెర తీసుకున్నాడు.

"ఇగ నువ్ పో. ఆదివారం రాకు."

అంతే. తిట్టలేదు, మన్నించలేదు. తాబేలు ఫ్రేము గోడ మీదే ఉంది, నేను బయటికి వచ్చేటప్పటికి. తర్వాత తీశాడో లేదో నాకు తెలియదు. సుజాతకి చెప్పాడో లేదో తెలియదు. నా చెయ్యిని కళ్లకద్దుకున్న ఆ ముసలమ్మలకి ఎవరు చెబుతారో తెలియదు. అందుకే మీకు రాస్తున్నాను. వాళ్లకి ఎదురుగా చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

మొన్న ఆ ఆదివారం వచ్చింది. సూర్యాపేటలో ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ మోగలేదు. కూడిక జరిగిందో లేదో, వాడు లేచి ఏ సాక్ష్యం చెప్పాడో నాకు తెలియదు. మధ్యాహ్నం అన్నం పెట్టుకుని తొక్కు వేసుకున్నాను. ఈ చెయ్యితోనే కలుపుకున్నాను. దీన్ని చూస్తే ఇంకా అసహ్యమే. అది పోదు, పోకూడదు కూడా. ముద్ద మింగి, అలవాటు కొద్దీ, కడుపులో తిప్పుతుందని లేచి తలుపు దాకా వెళ్లి నిలబడ్డాను. ఏమీ కాలేదు. వచ్చి కూర్చుని మిగతాది తిన్నాను. లోపలే నిలిచింది.